మన రంగుతో ఒక వెర్షన్ దాచండి

దండారి పండుగకి ఊరెళ్లినప్పుడు సీనియర్ అన్న కెమెరాతో మా నానమ్మ ఫోటో రా ఫార్మాట్‌లో తీసిన. హాస్టల్‌కి వచ్చి డార్క్‌టేబుల్‌లో ఎడిట్ చేస్తూ మొహం బాగా తెల్లగా చేసేసిన. ఫోన్‌లో చూపిస్తే "ఇదెవర్రా, నేను కాదు" అంది. సిగ్గనిపించింది.

అదృష్టం, అసలు ఫోటో పోలేదు. డార్క్‌టేబుల్ రా ఫైల్‌ని ముట్టుకోదు. మనం చేసిన మార్పులన్నీ పక్కన చిన్న ఎక్స్‌ఎంపీ ఫైల్‌లో రాసి పెడుతుంది. డూప్లికేట్ మేనేజర్‌లో ఒకే ఫోటోకి ఎన్ని వెర్షన్లైనా చేసుకోవచ్చు. రా ఫైల్ మాత్రం ఒక్కటే ఉంటుంది కాబట్టి ఎక్కువ జాగా పట్టదు.

స్టేటస్‌కి మెరిసే వెర్షన్ పెట్టుకోండి, నేను వద్దనను. కానీ మన అసలు రంగుతో ఒక వెర్షన్ తప్పకుండా ఉంచండి. పెన్‌డ్రైవ్‌లో రా ఫైల్‌తో పాటు ఎక్స్‌ఎంపీలు కూడా వేసుకోండి. రేపు మన పిల్లలు చూసేది మనం దాచినవే కదా. జై ఆదివాసీ!