పన్ను కడతాం, లెక్క చెప్పండి

ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తి పన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు మార్చిన 2020 నాటి చట్ట సవరణ మీద, 2021లో వచ్చిపడ్డ చెత్త పన్ను మీద మా పేటవాళ్లు చేసిన ధర్నాలో నేనూ కూర్చున్నాను. వచ్చినవాళ్లలో ఎక్కువమంది పింఛనుదారులు, చిన్న ఇళ్లవాళ్లు, అద్దె పెరుగుతుందని బెంగపడేవాళ్లు. పన్నే వద్దని ఎవరూ అనలేదు. ఇల్లు అమ్ముకుంటే తప్ప చేతికి రాని విలువ మీద ఏటా పన్నేమిటన్నారు. కట్టిన సొమ్ము ఏ కాలువకు, ఏ వీధి దీపానికి వెళ్లిందో చెప్పమన్నారు. అసలు ప్రశ్న ఇదే. ఏడాదికి 15 శాతం మించి పెంచబోమన్న హామీ ఊరటేమీ కాదు, ఏటా అంతంత పెరిగితే ఐదేళ్లకు పన్ను రెట్టింపవుతుంది. 1921లో చీరాల-పేరాల జనం మున్సిపల్ పన్నుకు ఒప్పుకోక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊళ్లు ఖాళీచేసి రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. మనం అంత కష్టపడక్కర్లేదు, మనకు ఓటుంది. చెత్త పన్ను రద్దును 2024లో ప్రకటించారు. వీధిలో కూర్చున్నవాళ్ల గొంతు వృథా పోలేదు. మున్సిపల్ బడ్జెట్ ఆమోదానికి ముందే మీ వార్డు ఖర్చుల లెక్క అడగండి, రాతపూర్వకంగా అడగండి.