కొత్త తొట్టికి పాత తోడు



పిల్లల పరీక్షలు ముగిసిన వారంలో మా చిన్నవాడి పోరు పడలేక ఒక చేపల తొట్టి కొన్నాను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. యాభై లీటర్లకు పైగా నీరు పడుతుంది. గాజు తళతళలాడేటట్లు కడిగి, నీళ్లు నింపి, ఆ సాయంత్రమే ఎనిమిది గోల్డ్ ఫిష్‌లను వదిలాము. పిల్లలు అన్నం మాట మరచి దాని ముందే కూర్చున్నారు.

నాలుగవ రోజున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచి గాలి కోసం తిప్పలు పడసాగాయి. వారం తిరిగేసరికి ఒక్కటీ మిగలలేదు. "నేను మేత సరిగా వేయలేదా నాన్నా?" అని వాడు ఏడుస్తూ అడిగితే నా దగ్గర జవాబు లేదు. "మీ ఇంటికి చేపలు అచ్చిరావు" అన్నారు ఇరుగుపొరుగువారు.

అచ్చిరాకపోవడం కాదు, తప్పు నాదే. నీళ్లు తేటగా ఉంటే చాలుననుకున్నాను.

చేప తన మొప్పల గుండా అమ్మోనియా అనే విషాన్ని ఎప్పుడూ నీటిలోకి వదులుతూ ఉంటుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువులు చేసే రైతులకు దీని సంగతి చెప్పనక్కరలేదు. దీనికి రంగు లేదు కనుక తేటనీటిలోనూ కంటికి కనబడదు. చెరువులో, పాత తొట్టిలో దీనిని తిని బ్రతికే బాక్టీరియా ఉంటాయి. అవి అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. చేప రక్తం ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. మరికొన్ని బాక్టీరియా ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు అంత హాని చేయదు. వారానికొకసారి నాలుగోవంతు నీరు మారుస్తూ ఉంటే అది పెరిగిపోకుండా ఉంటుంది. ఈ పని చేసే సూక్ష్మజీవులను 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త వేరుచేసి చూపించాడు.

కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా తగినన్ని ఉండవు. వాటంతట అవి పెరగాలంటే నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతలో చేపలు చనిపోతాయి.

ఈ సంగతి మా బావగారు చెప్పారు. వారి ఇంట్లో మూడేళ్లనాటి తొట్టి ఉంది. "అయితే మీ తొట్టి నీళ్లు రెండు బిందెలు పట్టుకెళతాను" అన్నాను. ఆయన నవ్వి, "నీళ్లలో ఏముందోయ్! బాక్టీరియా అంటుకొని ఉండేది దీనికి" అంటూ ఫిల్టరులోని మూడు స్పాంజిలలో ఒకటి తీసి చూపించారు. గోధుమరంగు మడ్డి పట్టి ఉంది. కడుగుదామని చేయి చాపాను. "కడగకు సుమా! పాలు తోడు పెట్టడానికి నిన్నటి పెరుగు కావాలి కదా. ఇదే నీ తొట్టికి తోడు" అన్నారు.

మీలో ఎవరైనా కొత్తగా తొట్టి పెట్టదలిస్తే ఈ విషయాలు గుర్తుంచుకోండి.

1. రోగం లేని తొట్టి నుండే స్పాంజి గాని, ఫిల్టరులోని పింగాణీ ముక్కలు గాని తీసుకోవాలి. చేపల ఒంటిమీద తెల్లమచ్చలున్న తొట్టి నుండి తెస్తే రోగమూ వెంట వస్తుంది. మూడోవంతుకు మించి తీసుకోవద్దు. ఇచ్చినవారి చేపలకు కష్టం.

2. ఆ తొట్టి నీటిలోనే ముంచి తెచ్చి, వెంటనే కొత్త ఫిల్టరులో పెట్టాలి. ఎండిపోతే బాక్టీరియా చస్తాయి.

3. కుళాయి నీటిలోని క్లోరిన్ కూడా వాటిని చంపుతుంది. నీటిని ఒక రోజంతా మూతలేకుండా ఉంచి, లేదా క్లోరిన్ పోగొట్టే మందు వేసి వాడాలి.

4. బాక్టీరియాకూ ఆహారం కావాలి గనుక తొట్టిని వారాల తరబడి ఖాళీగా ఉంచకూడదు. రెండు మూడు చిన్న చేపలను వదిలి, మేత కొద్దిగా వేయాలి.

5. చేపల దుకాణాలలో దొరికే చుక్కల మందుతో నీటిని రోజూ పరీక్షించాలి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపాలి. ఏది కనబడినా అదేరోజు సగం వరకు నీరు మార్చాలి. రెండు వారాలు సున్నా నిలిచిన తరువాతనే మరి రెండు చేపలు.

6. కరెంటు పోయి గాలి పంపు ఆగితే చేపలకూ బాక్టీరియాకూ ప్రాణవాయువు తగ్గుతుంది. ఆ వేళ మేత వేయవద్దు. బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఉంటే మంచిది.

ఈసారి మేము మూడు గప్పీ చేపలతో మొదలుపెట్టాము. అయిదవ రోజున నైట్రైటు కొంచెం కనబడితే నీరు మార్చాము. తొమ్మిదవ రోజు నుండి రెండూ సున్నాయే. నెల తిరిగినా మూడూ బ్రతికే ఉన్నాయి.

మొన్న మా ఆవిడ ఆ స్పాంజి మురికి చూడలేక కుళాయి కిందికి తీసుకెళ్లబోయింది. చిన్నవాడు పరుగున వెళ్లి, "అమ్మా, అక్కడ వద్దు! తొట్టిలోనుంచి తీసిన నీళ్లలోనే పిండాలి" అని బకెట్టు తెచ్చి ముందు పెట్టాడు. చేపలు చనిపోయిన నాడు వాడు అడిగిన ప్రశ్నకు జవాబు వాడికే దొరికింది.

వచ్చే నెల మరొక సంగతితో కలుసుకుందాం.