ఎదురు మూడిళ్ళు, ఇరుపక్కల రెండిళ్ళు

జపాను ప్రభుత్వం 1987లో జెట్ అనే పథకాన్ని ఆరంభించింది. అక్కడి బడులలో ఆంగ్ల బోధనకు సాయపడడానికై విదేశీ యువతీయువకులను పిలిపించి, నగరాలలోనే కాక కొండల నడుమనున్న చిన్న ఊళ్ళలో కూడ నియమించడం ఆ పథకంలో ముఖ్యమైన పని. బడిలో వారేమి చెప్పుతారన్నది అటుంచుదాము. బడి విడిచిన పిమ్మట వారు ఏ వీధిలో, ఎవరి నడుమ, ఎట్లు బ్రతుకుతారన్నది మన వేప్పనపల్లి వంటి ఊళ్ళలో తెలుగు చెప్పేవారు ఆలోచింపదగిన విషయమని నా అభిప్రాయం.

అక్కడ ఒక నానుడి ఉన్నది: ముకో సన్‌గెన్, ర్యోదొనరి. ఎదురు మూడిళ్ళు, ఇరుపక్కల రెండిళ్ళు అని అర్థం. కొత్తగా కాపురం వచ్చినవారు ఆ ఇళ్ళకు పోయి, ఒక తువాలో సబ్బుబిళ్ళో చేతిలో పెట్టి, తమ పేరు చెప్పుకొని రావడం మర్యాద. ఆ తరువాత చెత్త సంగతి. మండే చెత్తకు ఒక రోజు, సీసాలకూ డబ్బాలకూ మరొక రోజు. తప్పు రోజున పెట్టిన సంచిని ఎవరూ ఎత్తుకొని పోరు, అది వీధివారందరి కళ్ళముందు అక్కడే ఉంటుంది. కొత్త పంతులుకు జపాను భాషలో మొదటి వాచకం ఆ చెత్తపట్టికే అయినా ఆశ్చర్యం లేదు!

అన్నిటికంటె నన్ను ఆకర్షించినది కైరన్‌బన్ అనే పలక. వీధి సంఘంవారి ప్రకటనలను ఒక అట్టకు బిగించి ఇంటింటికీ త్రిప్పుతారు. కాలువ శుభ్రం చేసే దినము, అగ్నిప్రమాదాల హెచ్చరిక, ఉత్సవపు చందా, ఇట్టివే అందులో ఉంటాయి. చదివినవారు తమ ముద్ర వేసి పక్కింటికి అందించాలి. ఈనాడు నగరాలలో ఈ ఆచారం సన్నగిల్లుతున్న మాట నిజమే. అయినను ఆ పలక తిరిగే వీధిలో విదేశీ పంతులు గుమ్మానికి కూడ అది వస్తుంది. అర్థం కాకపోతే పొరుగువారిని అడగక తప్పదు. ఊరి వ్రాత మనిషి చేతిమీదుగా ఇంటిలోనికి వస్తున్నదన్నమాట.

ఇక మన వీధికి వద్దాము. మూడు రాష్ట్రాలు కలిసే ఈ మొరసునాటిలో తెలుగు చెవికి కొదువ లేదు. అంగడిలో, పొలములో, మామిడితోపులో, గుడిముందర వినవచ్చేది తెలుగే. కంటికి మాత్రం అది కరవు. రేషను కార్డు తమిళము, బస్సు బోర్డు తమిళము, ఇంటికి వచ్చే ప్రతి సర్కారు కాగితమూ తమిళమే. మా పక్కింటి పెద్దావిడ అటువంటి కాగితం వచ్చినపుడు మనుమరాలిని పిలుస్తుంది. ఆ పిల్ల తమిళ అక్షరాలు చదివి, తెలుగులో అర్థం చెప్పుతుంది. తొమ్మిదేండ్ల పిల్ల దినమూ అనువాదం చేస్తూ ఉంటే, ఆమెకు తెలుగు రాదని మనము ప్రగతి పత్రంలో వ్రాస్తున్నాము.

తమిళము నేర్వవద్దని నేననను. ఈ రాష్ట్రంలో బ్రతికే బిడ్డకు అది కావలసినదే. 2006 నాటి తమిళాభ్యసన చట్టం 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, యేటికొక తరగతి చొప్పున పైకి ప్రాకి పదవ తరగతిని చేరింది. తెలుగు ఐచ్ఛిక పాఠ్యంగా ప్రక్కకు జరిగింది. మినహాయింపుకై న్యాయస్థానాల గడప ఎక్కారు. 2023లో సుప్రీంకోర్టు సైతం ఆ యేటి పరీక్షకు మినహాయింపును పొడిగించింది. ఆ పోరాటం చేసినవారికి నమస్కారం. కాని పరీక్షలో మినహాయింపు దొరికినంత మాత్రాన ఇంటిలోనికి తెలుగు అక్షరం రాదు. దానిని తెచ్చే పని తీర్పులది కాదు, ఆ వీధిలో కాపురముండే పంతులుది.

ఈ మాట అనే అర్హత నాకు ఆలస్యంగా వచ్చింది. కోస్తా జిల్లానుండి వచ్చి ఇక్కడ అద్దెకు దిగినపుడు నేను ఎదురిల్లు, పక్కిల్లు చూడలేదు. బడి, ఇల్లు, పుస్తకం, అంతే. అట్టి దినాలలో ఆ మనుమరాలి నోటుపుస్తకంలో "టెంకాయ" అని ఉంటే ఎర్రసిరాతో కొట్టివేసి "కొబ్బరికాయ" అని దిద్దాను. ఉర్లగడ్డను బంగాళదుంప చేశాను. ఎర్రగడ్డను ఉల్లిపాయ చేశాను. సాయంత్రం ఆ పెద్దావిడ నోటుపుస్తకం పట్టుకొని గుమ్మంలో నిలిచింది. "మాది తెలుగు కాదా అయివోరా? మా యమ్మ టెంకాయనే అనె, నేనూ టెంకాయనే అంటాండా" అన్నది. కోపము లేదు, నిజంగానే తెలుసుకొనగోరి అడిగింది. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. తన భాషపై ఆమెకు కలిగిన అనుమానం నా ఎర్రసిరా పెట్టినదే.

తమిళము ఉద్యోగానికి, ఇంగ్లీషు పై చదువుకు, మరి తెలుగెందుకని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మాట్లాడడానికి చాలునుగదా అంటారు. మాటగా మాత్రమే మిగిలిన భాషలో ఉత్తరం ఉండదు, పద్దు ఉండదు, అవ్వ చెప్పిన కత కాగితం మీద మిగలదు. ఇప్పటికే పిల్లలు సెల్‌ఫోనులో తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి పంపుకుంటున్నారు.

అందుచేత మా వీధిలో కైరన్‌బన్ వంటిదొకటి ఆరంభించాము. వారానికొక తెల్లకాగితం, పాత పరీక్ష అట్ట, ఒక క్లిప్పు. వ్రాసేది పిల్లలు. ఎవరి ఆవు ఈనింది, మామిడికాయ ఏ ధర పలికింది, గంగమ్మ జాతర ఎన్నడు, ఇవే వార్తలు. చదవలేనివారికి తెచ్చిన బిడ్డే చదివి వినిపించాలి. మొదటి వారం రెండిళ్ళవారు తీసుకొననే లేదు. ఒక ఇంటిలో అట్ట పొయ్యి విసరుకొనడానికి పనికివచ్చింది! తోటి ఉపాధ్యాయులు నవ్వినా సరే, తమ వీధులలో చేసిచూడవలెనని వేడుకొంటున్నాను. ముందుగా ఆ అయిదిళ్ళకు పోయి పేరు చెప్పుకొని రండి.

పోయిన వారం కాగితం తొమ్మిది ఇళ్ళు తిరిగి నావద్దకు వచ్చింది. జాతర సామగ్రి పట్టికలో నేను పొరపాటున వ్రాసిన "కొబ్బరికాయలు" అనే మాటను ఎవరో ఎర్రసిరాతో కొట్టివేసి, పైన గుండ్రని అక్షరాలతో "టెంకాయలు" అని దిద్దారు.