పూలు రాలాక

జపాను వెళ్ళొచ్చిన వాళ్ళని కదిపి చూడండి, చెర్రీ పూల ఊసు తప్ప మరొకటుండదు. ఆ వారం రోజుల కోసం విమానాలెక్కడం, పూలు రాలగానే మొహం తిప్పుకోవడం! నాకు ఒళ్ళు మండిపోతుంది.

కనజావా నగరంలోని కెన్‌రోకుయెన్ ఉద్యానాన్ని నేను నాలుగు ఋతువుల్లోనూ చూశాను. ఒకప్పుడది మయేదా ప్రభువుల సొంతం. 1874లో జనానికి తలుపులు తెరిచారు. ఏప్రిల్‌లో చెర్రీలు, మే నెలలో కాలవ గట్టున ఊదారంగు ఐరిస్ పూలు, శరత్తులో ఎర్రబడ్డ మేపుల్ ఆకులు. అన్నీ ముచ్చటగానే ఉంటాయి. కానీ అసలు చూడవలసింది నవంబరు 1న మొదలవుతుంది. అక్కడి మంచు తడిగా, బరువుగా కురిసి కొమ్మల్ని విరిచేస్తుంది. అందుకని తోటమాలులు కరసాకి పైన్ చెట్టు దగ్గర ఎత్తయిన స్తంభాలు నిలబెట్టి, గొడుగు ఊచల్లా వందలాది తాళ్ళు దింపి కొమ్మలకు కడతారు. దాన్ని యుకిత్సురి అంటారు. మార్చిలో విప్పుతారు. ఏటేటా ఇదే చాకిరీ.

"పూలు లేని తోటలో చూసేందుకేముందండీ?" అంటారు. పండగనాటి పిండివంటలు మెచ్చుకుని, ఏడాది పొడుగునా పొయ్యి ముందు నిలబడ్డ మనిషిని గమనించని వాళ్ళ మాటది! ఈసారి జనవరిలో వెళ్ళండి. ఆ తాళ్ళు చూశాక మాట్లాడుకుందాం, ఏప్రిల్ పూలు ఎవరి చలవో.