నయీమ్ సాబ్ కెరీర్ చెప్పే మాట: మన కోచ్‌కు టైమ్ ఇస్తున్నామా?

2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్‌ను భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్‌గా నియమించారు. పదమూడేళ్ల తర్వాత ఆ కుర్చీలో ఒక భారతీయుడు కూర్చున్నారు. వెంటనే పాత ప్రశ్న లేచింది: మనవాళ్లతో అవుతుందా? దీనికి జవాబు వెతకాలంటే హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెరీర్ చూడాలి.

నయీమ్ సాబ్ డిఫెండర్. హైదరాబాద్ నుంచి కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆయన కెప్టెన్సీలోనే జపాన్‌పై 1-0తో గెలిచి కాంస్యం తెచ్చాం. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు పతకమే లేదు. ఆ ఏడాదే ఆయనకు అర్జున అవార్డు వచ్చింది.

బూట్లు విప్పాక కోచ్ అయ్యారు. ఫిట్‌నెస్, క్రమశిక్షణ విషయంలో ఎంత పెద్ద స్టార్ అయినా వదిలేవారు కాదు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే సీజన్‌లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ కప్‌లు మూడూ గెలిచింది. ద్రోణాచార్య కూడా వచ్చింది. ఆటకు అర్జున, శిక్షణకు ద్రోణాచార్య. మన ఫుట్‌బాల్‌లో ఈ రెండూ అందుకోవడం చాలా అరుదు.

మరి దేశం ఆయనతో ఎలా వ్యవహరించింది? 2005లో కరాచీలో జరిగిన శాఫ్ టోర్నీ ఫైనల్లో బంగ్లాదేశ్‌ను 2-0తో ఓడించి ఆయన జట్టు కప్పు గెలిచింది. మరుసటి ఫిబ్రవరిలో జపాన్ చేతిలో 0-6తో ఓడాం. 2006లోనే ఆయన స్థానంలోకి ఇంగ్లండ్‌కు చెందిన బాబ్ హౌటన్ వచ్చారు. హౌటన్ మంచి ఫలితాలే తెచ్చారు, కాదనలేం. 2011 ఆసియా కప్‌కు జట్టును చేర్చారు. కానీ ఆయనకు దాదాపు ఐదేళ్ల టైమ్ దొరికింది, విదేశాల్లో శిక్షణ శిబిరాలు దొరికాయి. తేడా తెలివిలో ఉందా, సౌకర్యాల్లో ఉందా అన్నది నిజాయితీగా ఆలోచించాలి.

ఈ ప్రశ్న మన ఊరికి ఇంకా గట్టిగా తగులుతుంది. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చిన కోచ్ రహీం సాబ్ ఇక్కడివారే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అప్పట్లో ఆటగాడికి పోలీసు ఉద్యోగం, పక్కనే ఉస్తాద్ లాంటి కోచ్ ఉండేవారు. ఇవాళ? 2022లో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయింది. టీమ్‌ను కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు. ఊళ్లోనే తయారైన కోచ్‌లు ఉంటే ఆట ఊళ్లోనే నిలుస్తుంది.

అందుకే తల్లిదండ్రులు ఒక విషయం గమనించాలి. బాబు ఫుట్‌బాల్ అంటే ముప్పై ఏళ్లకు ముగిసిపోయే పని కాదు. కోచింగ్‌కు ఇప్పుడు చదువులా మెట్లున్నాయి: డి లైసెన్స్‌తో మొదలై సి, బి, ఎ, ప్రో వరకు. ఖాలిద్ జమీల్ ప్రో లైసెన్స్ దాకా వెళ్లినవారే. అకాడమీలో చేర్చేటప్పుడు ఫీజు, జెర్సీ కంటే ముందు కోచ్‌కు ఏ లైసెన్స్ ఉందో అడగండి.

ఫెడరేషన్‌ను అడగాల్సింది కూడా ఒకటే. విదేశీ కోచ్‌కు ఇచ్చినంత టైమ్, అన్ని శిబిరాలు మన కోచ్‌కూ ఇవ్వండి. ఆ తర్వాత స్కోరు చూసి తీర్పు చెప్పండి.