బియ్యం దయ కాదు, బాకీ

మా ఊళ్లె నాకు వరుసకు పెద్దమ్మ అయ్యేటామె ఉన్నది. కొన్నేండ్ల కిందట నెల మొదట్ల సంచి పట్టుకోని కంట్రోల్ దుకాణానికి పోయింది. మిషిన్ల ఆమె కార్డు రాలేదు. "నీ పేరు కొట్టేసిండ్రు పెద్దమ్మా" అన్నడు డీలర్. ఎవరు కొట్టేసిండ్రు? "పైనుంచి." ఎందుకు? "సిస్టంల గట్లనే చూపెడుతున్నది." నేను ఆఫీసుకు తోల్కపోయిన. ఆడ గూడ గదే ముచ్చట. వాపస్ వచ్చేటప్పుడు ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ యాదికున్నది: "సర్కారోళ్లే ఇచ్చిండ్రు, సర్కారోళ్లే గుంజుకున్నరు. మనమేం అడుగుతం బిడ్డా?"

ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పేటందుకే ఇది రాస్తున్న.

మా పెద్దమ్మ ఒక్కామెనే కాదు. 2014 నుంచి 2019 నడుమ తెలంగాణల 18 లక్షలకు పైగ ఆహార భద్రత కార్డులు రద్దయినయి. ఎవరికి కారున్నది, ఎవరికి ఇల్లున్నది అని రకరకాల రికార్డులు జోడించి చూసే 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ వ్యవస్థను ఈ ఏరివేతకు వాడిండ్రు. పేరు కొంచెం కలిసినా సాలు, మనిషి మారిపోతడు. హైదరాబాదుల రిక్షా తొక్కుకునే ఒకాయనకు కారున్నదని ఆ వ్యవస్థ తేల్చింది. కారున్నోడు వేరే మనిషి. పేరు మాత్రం దగ్గర దగ్గర గున్నది. చివరికి కేసు సుప్రీంకోర్టు దాక పోయింది. రద్దు చేసిన కార్డులను ఇంటింటికీ పోయి మళ్ల చూడాలని 2022 ఏప్రిల్ల కోర్టు చెప్పింది. చూస్తే వేల కుటుంబాలు అర్హులే అని తేలింది.

"బోగస్ కార్డులు ఉండయా?" అని అడుగుతరు. ఉంటయి. తీసెయ్యాల్సిందే. కాకపోతే ముందుగాల నోటీసియ్యాలె, వాళ్ల మాట వినాలె, ఆ తర్వాతనే తీసెయ్యాలె. దొంగను పట్టేటందుకని పేదోని నోటికాడి బుక్క గుంజుడు న్యాయం కాదు. 2017ల జార్ఖండ్‌ల సిమ్‌డేగా జిల్లాల 11 ఏండ్ల పిల్ల పాణం పోయింది. ఆధార్ కలపలేదని ఆ ఇంటి కార్డు రద్దయింది. అన్నం లేకనే పోయిందని తల్లి చెప్పింది, జబ్బుతోని పోయిందని సర్కారు అన్నది. కార్డు లేదన్నది మాత్రం ఎవరూ కాదనలే.

ఇది పేద దేశాల గోసే అనుకోకుండ్రి. నెదర్లాండ్స్‌ల పిల్లల సంరక్షణకు ఇచ్చే సాయం విషయంల వేల కుటుంబాల మీద దొంగలని ముద్ర వేసిండ్రు. అందుల వలస వచ్చినోళ్లే ఎక్కువ. అది బయటపడ్డంక 2021 జనవరిల అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఆస్ట్రేలియాల 'రోబోడెట్' అని కంప్యూటర్ లెక్కతోని లక్షల మంది పేదలకు లేని బాకీలు అంటగట్టిండ్రు. తర్వాత ఆ పైసలు వాపస్ ఇయ్యాల్సి వచ్చింది. అంటే యాడైనా కథ ఒక్కటే: పేదోడు నేను దొంగను కాదని రుజువు చేసుకోవాలె, మిషిన్ మాత్రం ఏం చెప్పక్కర్లేదు.

ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2024ల లోకంల 67 కోట్ల మందికి పైగ ఆకలితోని ఉన్నరు. తిండి గింజలు లేకనా? గింజలు లేకున్నా కరువు వస్తది, గింజలున్నా వాటి మీద హక్కు లేకపోతే కరువు వస్తదని అమర్త్యసేన్ 1981లనే చెప్పిండు. 2001ల మన దేశంల గోదాముల నిండ ధాన్యం మూలుగుతుంటే రాజస్థాన్ పల్లెలల్ల జనం పస్తులున్నరు. అప్పుడు పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకు పోయి అడిగింది. ఇయ్యాల సర్కారు బడిలె పిల్లలు పగటిపూట తినే వేడి బువ్వ ఆ కేసుల ఇచ్చిన ఆదేశంతోనే దేశమంత పాకింది. 2013ల ఆహార భద్రత చట్టం వచ్చుడు వెనుక గూడ ఆ కొట్లాట ఉన్నది.

ఆ చట్టం ఏమంటది? మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ ఇంటికి 35 కిలోలు. తెలంగాణల రాష్ట్రం ఇంకొంచెం కలిపి మనిషికి 6 కిలోలు ఇస్తున్నది. ఇయ్యాల్సిన గింజలు ఇయ్యకపోతే దానికి బదులు భత్యం ఇయ్యాలె. కార్డు మీద ఇంటి పెద్దగ 18 ఏండ్లు నిండిన ఆడామె పేరుండాలె. ఫిర్యాదుకు జిల్లాకో అధికారి, రాష్ట్రానికో ఆహార కమిషన్ ఉండాలె. తిండి మనిషి హక్కు అని చెప్పే 1966 నాటి అంతర్జాతీయ ఒడంబడికల మన దేశం 1979లనే చేరింది. గిన్ని ఉన్నంక దీన్ని దయ అని ఎట్లంటం? మనం 'లబ్ధిదారులం' కాదు, హక్కుదారులం. లబ్ధిదారు దండం పెడతడు. హక్కుదారు "ఎందుకు?" అని అడుగుతడు.

ఆ "ఎందుకు" అనే మాట అడిగేటందుకు మనసొంటి చదువుకున్న పోరగాండ్లు కావాలె. ఊళ్లె ఎవరి కార్డన్న పోతే నోటి మాట నమ్మకుండ్రి. కారణం కాయితం మీద రాసియ్యమని అడుగుండ్రి. ఇయ్యకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుండ్రి. ఫీజు పది రూపాయలకు మించది, 30 రోజులల్ల జవాబు రావాలె. సోమవారం కలెక్టరాఫీసుల ప్రజావాణిల అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండ్రి. ఆ ముద్ర పడ్డ కాయితమే రేపు మన సాక్షి.

నేను ఆనాడు ఇవేవీ చెయ్యలేదు. సిస్టంల లేదంటే నిజమే గావచ్చనుకోని పెద్దమ్మను ఇంటికి తోల్కొచ్చిన. 2025ల కొత్త కార్డులు ఇచ్చినప్పుడు ఆమె పేరు మళ్ల ఎక్కింది. సంచి నింపుకోని వచ్చి, "సర్కారు చల్లగుండాలె" అని దండం పెట్టింది.

మనిషికి నెలకు 6 కిలోలు అంటే ఏడాదికి 72 కిలోలు. నడుమ పోయిన ఏండ్ల బియ్యం లెక్క ఆమె ఎవర్నీ అడగలే. ఆమె తరఫున నేను అడగాల్సి ఉండె.