రెండు శాతం హైక్, చివరి ఎత్తు

"ఇంతే హైక్, ఇష్టమైతే ఉండు" అనే మేనేజర్లు తమకి తెలీకుండానే గేమ్ థియరీ వాడేస్తుంటారు. ఆట చివరి ఎత్తు నుంచి వెనక్కి లెక్కేసుకు రావడమన్నమాట: సున్నా కన్నా రెండు శాతం మేలు, కాబట్టి వీడు ఒప్పుకుని తీరతాడు, కాబట్టి రెండే ఇద్దాం!

జర్మనీలో గ్యూత్ బృందం ఈ లెక్కని మనుషుల మీద పరీక్షించి, ఫలితాలు 1982లో ప్రచురించింది. ఒకడు డబ్బు పంచుతాడు, రెండోవాడు కాదంటే ఇద్దరికీ సున్నా. లెక్క ప్రకారం ఎంత విదిల్చినా పుచ్చుకోవాలి. కానీ పంచినవాళ్ళు సగటున మూడోవంతు దాకా ఇచ్చారు. ఇచ్చింది తక్కువని కాదన్నవాళ్ళూ ఉన్నారు.

వాళ్ళకి లెక్కలు రాకనా? అవమానం ఖరీదు కూడా కలుపుకున్నారు, అంతే. వెనక్కి లెక్కేయడం తప్పు కాదండీ. అవతలివాడి గడిలో జీతం ఒక్కటే రాసుకోవడం తప్పు. ఆ గడిలో ఇంకేముందో రాజీనామా మెయిల్ వచ్చాక తెలిస్తే ఏం లాభం?